ఉత్త డబ్బా ఎట్ల ఇస్తం?

సూర్యాపేటలో మా చెల్లె కర్రీ పాయింట్ ముందు మున్సిపాలిటీ బండి ఆగిన రోజు నాకు సంబరమేసింది. చెల్లె ముఖం మాత్రం తెల్లబోయింది. పల్చటి కవర్లు, ప్లాస్టిక్ చెంచాలు అన్నీ సంచిలో వేసుకుని, జరిమానా రాసి, "ఇంకోసారి దొరికితే షట్టర్‌కు సీలేనమ్మా" అన్నాడు వచ్చిన సారు. ఆమెకు ఆ దుకాణం ఒక్కటే ఆధారం.

నా సంబరానికి కారణం ఉంది. పొగలు కక్కే పప్పుచారును పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు బిగిస్తుంటే, పదేళ్ల నుంచి నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వేడికి ఆ కవరు ఎట్లా మెత్తబడుతుందో కళ్లున్నవాడికి కనబడదా? చిన్నప్పుడు మిర్యాలగూడ హోటల్లో పార్సిళ్లు కట్టిన చేతులివి. మోదుగాకు మీద ఇడ్లీలు, దానిపైన పాత పేపరు, చుట్టూ దారం. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ పేపరు ముక్కల మీదే. ఏ వార్తా పూర్తిగా దొరికేది కాదు. మిగతా సగం ఇంకో పొట్లంలో ఎవరింటికో వెళ్లిపోయేది. అందుకే ఇప్పుడు మున్సిపాలిటీ వాళ్లిచ్చిన నోటీసును మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చదివాను.

"సదివింది సాలుగని, పులుసును ఆకుల కడ్తవా అన్నా?" అంది చెల్లె.

"డబ్బాల పోస్త" అన్నాను.

మరుసటి రోజే మిర్యాలగూడ వెళ్లి, గట్టిగా మూత పడే స్టీలు డబ్బాలు గోనెసంచి నిండా తెచ్చాను. బస్సు ఎక్కుతుంటే సంచి గలగలమంది. "ఏం తాతా, పెండ్లి సామానా?" అన్నాడు కండక్టరు. "పెండ్లి గాదు బిడ్డా, యుద్ధం" అన్నాను. బస్సంతా నవ్వింది. నవ్వనీ!

పద్ధతి సులువు. కూర డబ్బాలో తీసుకుపోవాలి, మర్నాడు కడిగి తెచ్చివ్వాలి. మొదటి రెండు రోజులూ జనం ఎంత మెచ్చుకున్నారో! కూర చల్లారలేదన్నారు, కవరు వాసన లేదన్నారు. నేను గల్లాపెట్టె పక్కన మీసం మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. ఐదో రోజుకు డబ్బాల అర ఖాళీ. పోయినవి పోయినట్టే. అడిగితే అందరిదీ ఒకటే మాట: "తెస్తం తెస్తం."

సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి కవర్ల వ్యాపారి దిగాడు. "పెద్దాయనా, అందరూ ఇవే వాడుతున్నారండీ. రూలు మీ ఒక్కళ్ల కోసమే రాశారా ఏంటి?" అన్నాడు. కట్టను అటూ ఇటూ తిప్పి చూశాను. మందం ఎంతో రాసి లేదు, తయారుచేసింది ఎవరో రాసి లేదు. అదే మాట అతని ముఖం మీద అన్నాను. కానీ నేను టీకి పోయి వచ్చేలోపు చెల్లె ఒక కట్ట కొని, దుకాణం వెనకే ఉన్న ఇంట్లో బియ్యం డబ్బా చాటున పెట్టేసింది.

"రేపు పొద్దటికి డబ్బాలు రాకుంటె గివే వాడుత. సీలేస్తె ఏసిన్రు. పూట గడవాలె గద" అంది.

నా చేతిలో ఉన్నది ఆ ఒక్క సాయంత్రం. దొంగలను పట్టుకునేవాడిలా బయలుదేరాను. మొదట వెనక వీధిలోని రిటైరైన టీచరమ్మ ఇంటికి పోయాను. గుమ్మంలోంచి చూస్తే వంటింటి గూట్లో మా డబ్బాలు మూడు, తళతళా తోమి బోర్లించి ఉన్నాయి. నా ఒళ్లు మండింది.

"సదువు సెప్పినోళ్లు గూడ గిట్ల జేస్తరా అమ్మా?"

ఆమెకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. "ఏం మాట్లాడుతున్నవ్ పెద్దయ్యా? కూర పెట్టిచ్చిన గిన్నె ఉత్తది ఎట్ల ఇస్తం? ఐతారం సకినాలు చేస్త, పెట్టి తెద్దామని ఉంచిన!"

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. మా అమ్మ పొరుగింటి గిన్నెను ఏనాడైనా ఖాళీగా పంపిందా? ఏమీ లేనినాడు చిటికెడు చక్కెరైనా వేసేది. కూర కొనుక్కున్నా సరే, ఇచ్చిన చేతికి ఉత్త గిన్నె తిరిగివ్వని మనుషుల మధ్య డబ్బాల వ్యాపారం పెట్టి, వాళ్లనే దొంగలనుకున్నాను!

ఇంక కాళ్లు ఆగలేదు. గడప గడపకూ తిరిగాను. "అమ్మా, సకినాలొద్దు, గారెలొద్దు. రెండు కరివేపాకు రెబ్బలెయ్యుండ్రి, అదే పదివేలు. రేపు పొద్దుగాల తేవాలె!" గొంతు బొంగురుపోయింది.

తెల్లవారి షట్టరు ఎత్తకముందే జనం వచ్చేశారు. కరివేపాకు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు. "ఆమె నిమ్మకాయలు పెట్టి నేను ఆకు పెడ్తె ఏం బాగుంటది?" అని ఒకావిడ ఇంటికి తిరిగిపోయి చింతకాయ తొక్కు తెచ్చింది. చెల్లె మూతలు తీస్తూ నవ్వుతూనే ఉంది.

పదకొండింటికి మున్సిపాలిటీ బండి మళ్లీ ఆగింది. సారు బల్ల కింద చూశాడు, అరలు వెతికాడు. ఒక్క కవరూ లేదు. వెళ్లబోతుంటే చెల్లె, "జర ఆగుండ్రి సారూ" అని ఇంట్లోకి పరిగెత్తి, బియ్యం డబ్బా వెనకున్న కట్టను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గిది నేనే కొన్న. కట్ట విప్పలే. నా ఇంట్ల ఉంటె నా మనసు గుంజుతది, తీస్కపోండ్రి."

సారు కట్టను చూశాడు, సీలు విప్పలేదని తిప్పి చూసుకున్నాడు, మూతలు తీసి ఉన్న డబ్బాల వైపు చూశాడు. "ఎవరమ్మిన్రో గది చెప్పమ్మా. ఆయన సంగతి నేను చూసుకుంట. నీ షట్టర్ జోలికి రాను" అన్నాడు.

చెల్లె చెప్పడం మొదలుపెట్టేలోపే వరసలో వెనకనుంచి టీచరమ్మ అరిచింది: "ముచ్చట్లు తర్వాత పెట్టుకోండ్రి గని, ముందు పప్పుచారు పొయ్యవే! ఇంట్ల అన్నం సల్లారిపోతున్నది!"