ఒమన్‌లో లేని చేపకి సన్న గాలం

మా ఆయన పనిచేసే బిల్డింగుల కంపెనీలో మేనేజరుగా ఉన్న స్కాట్లండ్ పెద్దమనిషి రిటైరై వెళ్లిపోతూ మా ఆయనకి ఒక గాలం కర్ర ఇచ్చి వెళ్లాడు. తన తర్వాత ఆ కుర్చీ నీదేనని ఏళ్ల తరబడి ఊరించినవాడు, కుర్చీ బరువెక్కువని కాబోలు, తేలికైన వస్తువు చూసి ఇచ్చాడు. కర్రతో పాటు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. అందులో తళతళలాడే రేకు ముక్కలు, వాటికి బుల్లి కొక్కేలు, కొన్నిటికి రంగుల ఈకలు. వాళ్ల దేశంలో కొండవాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. దాంట్లోనూ చిన్నవాటిని పట్టుకునే సరంజామా అట ఇదంతా. ఒమన్‌లో కొండలున్నాయి, వాగులున్నాయి, ఎండ కావలసినంత ఉంది. ట్రౌట్ ఒక్కటే లేదు. ఇంత ఆలోచించి ఇచ్చిన బహుమతిని నేనింతవరకూ చూడలేదు.

కుర్చీలోకి దుబాయ్ బ్రాంచి నుంచి కొత్తాయన వచ్చాడు. ఆయనకి పని నేర్పే గౌరవం మాత్రం మా ఆయనకే దక్కింది. అనుభవజ్ఞుడు కదా!

మా ఆయన జగిత్యాల మనిషి. మామూలుగా నోరు మూతపడదు. ఆ కబురు తెలిసినప్పటి నుంచి ఇంట్లో "ఉప్పు ఇయ్యి" తప్ప ఇంకో మాట లేదు. నేను మస్కట్‌లో, ఖురం అనే పేటలో ఒక క్లినిక్‌లో నర్సుని. రోజంతా మూలిగే రోగుల్ని చూసి ఇంటికొస్తే, సోఫాలో మూలగని రోగి ఒకాయన. మూలిగేవాళ్లే నయం, ఎక్కడ నొప్పో చెప్తారు.

అలాంటిది ఒక సాయంత్రం డబ్బా తెరిచి, వీడియోలు పెట్టుకుని కూర్చున్నాడు. పడుకునే వేళకి పండితుడైపోయాడు.

"గిది చూడవే. నీళ్లు తేటగుంటే వెండి రేకు కట్టాలె. మడ్డిగుంటే బంగారు రేకు. చిన్న చేపకు ఎర చిన్నగుండాలె, లైన్ సన్నగుండాలె. లావుగుంటే దానికి అనుమానమొస్తది."

"నా పెళ్లి నగలకి కూడా ఇంత ఆలోచన జరగలేదండి."

మాది నరసాపురం పక్క పల్లె. చేప మా గుమ్మంలోకి తట్టలో కూర్చుని తనే వచ్చేది. మాకు తెలిసిన సరంజామా కత్తిపీట, గుప్పెడు బూడిద, తోమడానికో గరుకు రాయి. చేపకి అనుమానం రాకుండా చూసుకోవడమనే మర్యాద మా వైపు ఎవరికీ లేదు. అయినా మనిషి మాట్లాడుతున్నాడు కదా అని ఊరుకున్నాను.

ఆ సన్న లైన్ దారం కోసం మత్రా బజారులో ఒక కొట్టుకి వెళ్లాం. కొట్టాయన మలయాళీ. మా ఆయన చేతిలోంచి కర్ర తీసుకుని అటూ ఇటూ వంచి చూసి, "ఏ చేపకి సార్?" అన్నాడు హిందీలో.

"చిన్న ట్రౌట్‌కి," అన్నాడు మా ఆయన, ఏమాత్రం తడుముకోకుండా.

"ట్రౌటా? అది సూపర్ మార్కెట్ ఫ్రీజర్లో ఉంటుంది సార్. దానికి గాలం అక్కర్లేదు, బండి తోసుకెళ్తే చాలు."

నాకు నవ్వాగలేదు. మా ఆయన మాత్రం వెంట్రుకంత లైన్ చుట్ట, రెండు వెండి రేకులు, ఇంకో ఈకల ఎర కొనుక్కునే బయటికొచ్చాడు. ఈకలది ఎందుకని అడిగితే, "మబ్బు పట్టిన రోజుకు," అన్నాడు. మస్కట్‌లో మబ్బు పట్టిన రోజు గురించి ఇంత ముందుచూపున్న మనిషి ఇంకొకడు ఉండడు.

ఆ శుక్రవారం రుస్తాఖ్ వైపు కొండల్లో ఒక వాగుకి ప్రయాణం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున వేలెడంత చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ట్రౌట్‌కి వీటికీ చుట్టరికం లేకపోయినా చిన్నవైతే చిన్నవే కదా అని మా ఆయన వాదన. తేట నీళ్లని వెండి రేకు కట్టాడు. అది నీళ్లలో పడగానే చేపలన్నీ పరార్. బంగారు రేకు కట్టాడు. మళ్లీ పరార్. చివరికి మబ్బులేని ఆకాశం కింద ఈకల ఎర కూడా బయటికొచ్చింది. రేకులన్నా కొంత నయం, ఈకలకి అవి అవతలి ఒడ్డుదాకా పారిపోయాయి.

నేను కాళ్లు నొప్పెట్టి, చెప్పులు విప్పి నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాను. అంతే, ఆ చేపలన్నీ వచ్చి నా మడమల చుట్టూ మూగి, పగుళ్లు కొరకడం మొదలుపెట్టాయి.

"ఏమండీ, ఎర దొరికింది. కొక్కెం ఎక్కడ గుచ్చుతారో చూసుకోండి," అన్నాను.

ఆయన నా కాళ్లకేసి చూశాడు, చేతిలో కర్రకేసి చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. ఆ కుర్చీ గొడవ మొదలయ్యాక నేను చూసిన మొదటి నవ్వు అది.

పక్కనే చాప పరుచుకున్న ఒమానీ కుటుంబం మమ్మల్ని చాలాసేపటి నుంచి గమనిస్తోంది. వాళ్లలో పెద్దాయన లేచొచ్చి, ఏం పడుతున్నావని సైగ చేశాడు. మా ఆయన సైట్‌లో నేర్చిన అరబ్బీలో "సమక్" అన్నాడు. చేప అని. పెద్దాయన ఆ వేలెడు చేపల్ని చూశాడు, మా ఆయన ముఖం చూశాడు. చాలా జాలిగా, "జోఆన్?" అన్నాడు. ఆకలేస్తోందా అని! కాదన్నా వినలేదు. చేయి పట్టుకుని తీసుకెళ్లి, మేకమాంసం వేసిన అన్నం పళ్లెం ముందు కూర్చోబెట్టాడు. ఆ విధంగా ఆ కర్ర సంపాదించిన మొదటి భోజనం తిన్నాం. చాలా బావుంది.

తర్వాతి శుక్రవారం మా ఆయన సముద్రం మీద పడ్డాడు. పొద్దున్నే ఖురం తీరంలో రాళ్ల మీద నిలబడి, అన్నిటికన్నా చిన్న రేకు ఏరి కట్టి విసిరాడు. నేను బకెట్ పట్టుకుని నిలబడ్డాను, దానికి పనిబడదన్న ధీమాతో. ఎండెక్కింది, ఇక పోదాం అనబోతుండగా కర్ర చివర ఒక్కసారి కిందికి వంగింది. రీలు గిర్రున తిరిగింది.

"గుంజండి!" అని అరిచాను.

"గుంజితే తెగుతదే. పోనియ్యాలె. అలిసినంక మెల్లగ చుట్టాలె."

చేప లాగుతోంది, ఈయన వదులుతున్నాడు. నావైపు తిరగకుండానే, వాతావరణం గురించి చెప్తున్నట్టు, "ఆదివారం పొయ్యి రాజీనామా ఇస్తున్న," అన్నాడు. "ఇగ ఆయనకు నేర్పుడు నాతోని కాదు. రుస్తాఖ్‌ల చిన్న కంపెనీ ఒకటుంది. మాట్లాడిన."

ఎప్పుడు మాట్లాడారని గాని, జీతమెంతని గాని అడగడానికి అది సమయం కాదు.

"సరే. ముందు ఆ చేపని రానివ్వండి," అన్నాను.

వచ్చింది. జానెడు పార చేప, వెండిలా మెరుస్తూ. మా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని ఫొటో తీయించుకుని, నీళ్లవైపు వంగాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఇడిచిపెడ్తున్న. వీడియోలల్ల అందరు ఇడిచిపెడ్తరు."

"వాళ్లకి పులుసు పెట్టడం రాదు కాబట్టి విడిచిపెడతారు. బకెట్‌లో వెయ్యండి."

వేశాడు. జానెడు చేపకి చింతపండు ఎక్కువైంది గాని, ఇద్దరం ముళ్లు కూడా వదల్లేదు.

ఆదివారం అన్న మాట ప్రకారం రాజీనామా ఇచ్చొచ్చాడు. ఇప్పుడు రుస్తాఖ్‌లో ఆయన మేనేజరు. ఆఫీసంటే పోర్టా క్యాబిన్ అనే ఒక రేకుల గది. ఏసీ చల్లదనానికి మేకలు వచ్చి గుమ్మంలో పడుకుంటాయట. కొత్త జీతం గురించి మేమిద్దరం మర్యాదకి మాట్లాడుకోం. నేను ఖురంలోనే ఉండిపోయాను, ఆయన శుక్రవారం సెలవుకి గురువారం సాయంత్రం వస్తాడు. మిగతా రోజులు ఫోన్లో సైట్ సంగతులు, సిమెంటు లారీలు, మేస్త్రీల తగువులు, మేకల పేర్లు, అన్నీ ఏకరువు పెడతాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి, అంట్లు తోముకుంటూ వింటాను. మధ్యలో "ఊఁ" అనడం మర్చిపోతే, "ఇంటున్నవా?" అని మళ్లీ మొదటి నుంచి చెప్తాడు.