ఆమెన్‌కు ముందే అరటిపళ్లు

ఈ ఉదయం మా బాల్కనీ రేకు మీద ధబ్బున ఏదో దూకిన చప్పుడైంది. టిఫిన్‌కు ముందు ప్రార్థనలో ఉన్నాం. నా భార్యా కూతురూ తలలు వంచి ఉన్నారు. నేను మాత్రం ఎడమ కన్ను సందుగా తెరిచాను. ఇది భక్తి లేకపోవడం కాదు. రాహేలమ్మత్త నేర్పిన భక్తి.

తొంభైల నడుమ అనంతపురం నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, యలహంకలో గది తీసుకున్న ఒంటరివాణ్ణి నేను. వారమంతా బన్నూ టీలతో గడిపి, ఆదివారం మా తెలుగు సంఘంలో ఆరాధన తర్వాత పెట్టే భోజనం కోసం ఎదురుచూసేవాణ్ణి. వాక్యం కోసం కూడా ఎదురుచూశానని దేవుని ముందు చెప్పగలను. వంట, సంఘమంతా అత్తా అని పిలిచే రాహేలమ్మత్తది. సండే స్కూలూ ఆవిడదే. ప్రార్థనలో కన్ను తెరిచిన పిల్లల నెత్తిన గరిటె కాడతో మెల్లగా తట్టేది. కళ్లు మూసుకున్న మనిషికి ఎవరు తెరిచారో ఎలా తెలిసేదని ఎవరమూ అడగలేదు.

అవి చుట్టూ నీలగిరి తోపులు కొట్టేసి లేఅవుట్లు వేస్తున్న రోజులు. తోపుల్లోని కోతులు మా వీధికి మారాయి. నీళ్ల ట్యాంకు మూత తీయడం, ఏ ఇంటి కిటికీకి గొళ్లెం లేదో కనిపెట్టడం నెల తిరక్కుండానే నేర్చుకున్నాయి. నాకింకా బస్సు నంబర్లే వంటబట్టలేదు.

ఒక ఆదివారం భోజనానికి ముందు సంఘ పెద్ద దేవసహాయం గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర బయలుదేరి, దారిలో రాజులందరినీ పలకరించి, బబులోను మీదుగా మా వీధి బోరుబావి దాకా వచ్చేది. ఆమెన్ అనేసరికి బల్ల మీది అరటిపళ్లలో సగం లేవు. వెనక కిటికీ పక్కనున్న నా కుర్చీ కింద తొక్కలున్నాయి. హాల్లో నలభై మంది ఉన్నా ఒక్కరూ సాక్షి కారు. అందరి కళ్లూ మూసే ఉన్నాయి మరి.

"ఆకలైతే అడగొచ్చు కదా బాబూ," అన్నారు దేవసహాయం గారు జాలిగా. "వచ్చే వారం నీ సంగతి సంఘం ముందు పెట్టక తప్పదు."

వంటింటి గుమ్మంలోంచి రాహేలమ్మత్త పలికింది. "ఆ అప్పయ్య తినలేదు. కోతి ఎత్తుకపాయ. నేను చూసినా."

"ఎప్పుడు చూశావమ్మా?"

"మీరు బబులోను కాడ ఉన్నప్పుడు."

ముందు వరసలోంచి ఓ పిల్ల, "అంటే మీరు కళ్లు తెరిచారా టీచర్?" అంది.

అత్త ముఖం కందిపోయింది. "తెరిచినా. వారం వారం తెరుస్తా. కూడు కాడ ఎవురో ఒకరు మేలుకోని ఉండాల గదా! ఆ కోతి మన పద్ధతి నేర్చుకోని ఉండాది అయ్యగారూ. తలలు వంచితే దిగుతాది, ఆమెన్ అంటే పోతాది."

"నా ప్రార్థనకు కోతి వస్తుందంటావా?"

"మీ ప్రార్థనకు కాదు, దాని పొడవుకు."

తర్వాతి ఆదివారం పరీక్ష పెట్టారు. అందరూ తలలు వంచి, కళ్లు సందుగా తెరిచి ఉంచాలి. దేవసహాయం గారు కూడా ఒప్పుకున్నారు గానీ, జీవితమంతా ఉన్న అలవాటు, మొదటి మాటకే కళ్లు మూతపడ్డాయి. "ప్రభువా, దొంగను వెలుగులోకి తీసుకురా!" అని ఆయన వేడుకుంటుండగా ముసలి ఆడకోతి కిటికీలోంచి వచ్చి, ఆయన మోచేతి పక్కనే కూర్చుని పండు ఒలుచుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గొంతు పెంచారు. ఆమెన్ అనగానే కోతి నా భుజం మీదుగా కిటికీలోకి దూకుతూ తొక్కను నా ఒడిలో వదిలింది. ఆయన కళ్లు తెరిచి చూస్తే, తొక్కతో నేను!

"మేం చూసినాం!" అని నలభై మంది ఒక్కసారే అరిచారు.

ఆయన తొక్క వంకా నా వంకా చూసి, పడీపడీ నవ్వి, మొదటి పళ్లెం తన చేత్తో నాకు వడ్డించారు. ఆ తర్వాత ఆయన ప్రార్థన బబులోను దాకా వెళ్లకుండానే తిరిగొచ్చేది.

గిన్నెలు కడుగుతున్న అత్తకు కృతజ్ఞత చెప్పబోయాను. "పిల్లోళ్లు ఇంక నా మాట యాడ వింటారప్పా? నా పరువు పాయ," అని, కడిగిన గిన్నె బోర్లించి, "పోనీలే, నీది మిగిలె గదా," అంది.

అత్త ప్రభువును చేరి చాలా ఏళ్లయింది. ఈ ఉదయం నేను ఆమెన్ అనేసరికి పళ్లెంలో ఒక పండు తగ్గింది. నా భార్య అనుమానంగా నా వైపు చూసింది.

"నాన్న కాదమ్మా, కోతి," అంది కూతురు.

నీకెలా తెలుసని నేను అడగలేదు.