మా బాపు సర్కారుకు చూపిన లాభం

ఆ రోజుల్లో మా నిజాం రాజ్యంలో ఆదాయపు పన్ను అన్న మాట మామూలు మనుషుల చెవిన పడేదే కాదు. ఇప్పుడీ సంగతి చెబితే మా పిల్లలు నేను స్వర్గంలో పుట్టి పెరిగి పొరపాటున ఇటు జారిపడ్డట్టు చూస్తారు. పొలం ఉన్నవాడు శిస్తు కట్టేవాడు, సరుకు తెచ్చినవాడు సుంకం కట్టేవాడు, తక్కినవాళ్లు దేవుడికి ఒక కొబ్బరికాయ కొట్టి ఊరుకునేవారు. అలాంటి కాలంలో, తనకు పన్ను వేయమని సర్కారును బతిమాలిన మనిషి ఈ భూమండలం మొత్తానికి ఒక్కడే పుట్టాడు. ఆయన మా బాపు, అంటే మా నాన్న. ఆ బతిమాలుడుకు లెక్కలు కట్టి ఇచ్చిన ఘనుణ్ణి నేను. (ఈ విషయంలో నాకిప్పటికీ కొంచెం గర్వమే. కొంచెం అన్నది మర్యాద కోసం.)

కామారెడ్డి స్టేషను ఎదురుగా మాది గోలీసోడా దుకాణం. మా సోడా కొడితే ఆ చప్పుడుకు తాడ్వాయిలో కట్టేసిన ఎడ్లు పలుపులు తెంపుకునేవి. సికింద్రాబాదు బండి డ్రైవరు దాన్నే గార్డు ఈల అనుకుని బండి కదిలించాడని బాపు ప్రమాణం చేసి చెప్పేవారు. ఇంత కీర్తి మోస్తున్న మిషను మాత్రం నోవా చక్రవర్తి తాతకు సోడా పట్టి ఇచ్చినంత పాతది. (అలాంటి చక్రవర్తి ఎవరూ లేరు. మిషను వయసు చెప్పాలంటే ఎవరో ఒకరిని పుట్టించక తప్పదు.) దాని పిడి తిప్పడం అవ్వ పని, అంటే మా అమ్మ పని. నేను మిడిల్ పాసై ఇంట్లో కూర్చున్నాక నా పని కూడా. ఒకనాడు గ్యాసు ఎక్కువై ఒక సోడాబుడ్డి అవ్వ ముఖం ముందే పగిలింది. గాజుపెంకు కనుబొమ మీద కోసుకుపోయింది. వేలెడు కిందికి దిగితే కన్నే పోయేది. ఆనాటి నుంచి అవ్వ తన బర్రెల పాలమ్మిన పైసలన్నీ ఒక చిట్టీలో వేయడం మొదలుపెట్టింది. బుడ్డి పగిలినా పెంకులు బయటికి రాకుండా చుట్టూ ఇనుప జాలీ ఉండే కొత్త మిషను సికింద్రాబాదులో దొరుకుతుందట. అది కొనాలి. ఇంకో బుడ్డి పగిలేలోపు కొనాలి. అవ్వ పట్టు అంతే.

ఇంతలో యుద్ధం వచ్చింది. వెంటనే ధరలు, ధరల వెంట లాభాలు, లాభాల వెంట సర్కారు వచ్చింది. వ్యాపారంలో ఇంతకు మించి మిగిలినవాడు పన్ను కట్టాలన్నారు. పెద్ద దుకాణాలవాళ్లకు నోటీసులు పోయాయి. ఎల్లారెడ్డిలో బట్టల దుకాణం ఉన్న మా మేనమామకూ ఒకటి పోయింది. స్నానానికి తప్ప పట్టుకండువా తీయడు గనక మేమాయన్ని పట్టుకండువా మామ అనేవాళ్లం. ఆయన ఆ నోటీసును జేబులో పెట్టుకుని, అందులో సగం బయటికి కనిపించేటట్టు పెట్టుకుని, బస్సెక్కి ఏకంగా మా దుకాణం ముందు దిగాడు.

“ఏం బావా, నీకు రాలేదా కాయిదం?”

“ఏం కాయిదం?”

“సర్కారు కాయిదం. ఊకె రాదు బావా అది. ఎల్లారెడ్డి మొత్తంల ఎవరికొచ్చిందో అడుగు, ఒక్క చేతి ఏళ్లు సాలు.” ఉచిత సోడా ఒకటి తాగి, రెండోది అందుకుని, మామ మా దుకాణాన్ని కిందినుంచి మీదికి చూశాడు. “సోడాలమ్మెటోళ్లకు రాదనుకుంట తియ్యి. నిమ్మలంగున్నవ్.”

ఆ ‘నిమ్మలం’ బాపు గుండెలో దిగబడింది. ఆ పూట అన్నం ముట్టలేదు. అవ్వ అడిగింది.

“పన్ను రాకుంటే మంచిదే గదనయ్యా. ఎవలన్న ఏడుస్తరా?”

“నీకు తెల్వదు. నీ తమ్ముడు సర్కారు లెక్కల మనిషి. నేను సర్కారు లెక్కల ఈగను.”

“పన్ను పడ్డదంటే చిట్టీ పైసలు అండ్లనే పోతయి. మిషను ఎట్లొస్తది?”

“మిషను ఎప్పుడన్న వస్తది. ఇజ్జతు పోతే మల్ల రాదు.”

అవ్వ కనుబొమ మీద మచ్చ ఒకసారి తడుముకుని లోపలికి పోయింది. బాపు నా వైపు తిరిగి, “ఉర్దూల లెక్క రాస్తవు గదరా, మనింటి ఆమ్దనీ మొత్తం రాయి. ఎంత పన్ను పడ్తదో మనమే చూపిద్దాం” అన్నారు. అవ్వ మొహం చూశాక నాకు చెయ్యి ఆడలేదు గానీ, మిడిల్ పాసైన విద్వాంసుణ్ణి కూర్చోబెట్టి నువ్వే రాయాలంటే కాదనే శక్తి ఆ వయసులో ఎవడికుంటుంది?

రాశాను. సోడాల అమ్మకంలోంచి గ్యాసూ బుడ్లూ తీసేస్తే మిగిలింది చూసి నాకే జాలేసింది. పన్ను గీత ఎక్కడో కొండ మీద ఉంది, మేము కొండ కింద చెప్పులు వెతుక్కుంటున్నాం. బీబీపేట దగ్గర పాలుకిచ్చిన మడిలో మా వంతు పంట కలిపాను. అవ్వ బర్రెల పాలు కలిపాను, ఆ బర్రెలు ముందు ముందు ఈనబోయే దూడల పాలు కూడా కలిపాను. బాపు ఎప్పుడో కొన్న చక్కెర ఫ్యాక్టరీ వాటాల కాగితం ఒకటుండేది. దాన్ని పటం కట్టించి దేవుళ్ల పక్కన పెట్టి పసుపు కుంకుమ పెట్టేవారు. ఆ దేవుడు అప్పుడప్పుడు ఇచ్చే ప్రసాదం కూడా కలిపాను. ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయల్లో వేస్తే అంకె చిన్నదవుతుందని, మన హాలీ రూపాయల్లోనే ఉంచాను. అయినా గీత అందలేదు.

అప్పుడు బాపుకు ఆ ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన లోకంలోని లెక్కల పండితులెవరికీ రాలేదు, ఇక రాదు.

“చుట్టాలు తాగిన సోడాలు రాసినవా?”

“వాళ్లు పైసలియ్యలే గద బాపూ.”

“తాగిండ్రా లేదా?”

“తాగిండ్రు.”

“సోడా మనదేనా?”

“మనదే.”

“పైసలియ్యకుంటే అది సోడా కాకుంట పోతదా? రాయి!”

స్టేషను ఎదురుగా దుకాణమున్నవాడికి చుట్టాలు ఎందరుంటారో అనుభవమున్నవాడికే తెలుస్తుంది. రైలు దిగినవాడల్లా చుట్టమే, రైలెక్కబోయేవాడు ఇంకా దగ్గరి చుట్టం. పెళ్లిళ్లకు పంపినవీ, కడుపునొప్పి వచ్చినవాళ్లకు పట్టించినవీ, పట్టుకండువా మామ ఒక్కడే తాగినవీ వేసేసరికి మా ఆదాయం గీత దాటి, కొండ దాటి, అవతలి ఊళ్లోకి దిగింది. కాగితం చూసి బాపు నా వీపు తట్టారు. ఆ దెబ్బకు నేను ఒక అంగుళం పొడుగు పెరిగాను, ఇప్పటికీ తగ్గలేదు.

లెక్కలు చూసే అధికారి మా ఊరి ముసాఫిర్ బంగళాలో దిగాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ అక్కడికే రావాలి. కళ్లద్దాలు ముక్కు చివర నిలబడేవి గనక జనం ఆయన్ని చష్మా సాబ్ అనేవారు. బంగళా వరండా చూస్తే నాకు ఏదో అన్నదానానికి వచ్చామనిపించింది. బజారులోని షావుకార్లంతా చిరిగిన అంగీలతో, గడ్డాలు పెంచుకుని, దగ్గుతూ కూర్చున్నారు. ఇస్త్రీ బట్టలతో వచ్చినవాడు మా బాపు ఒక్కరే. అదీ అరువు తెచ్చిన షేర్వాణీ. తలుపు దగ్గరికి పోయేసరికి లోపల తెలిసిన గొంతు వినిపించింది.

“దుకాణమంటే పేరుకే సాబ్. పొద్దుందాక ఈగలు తోలుకుంట కూసుంట. ఇంట్ల పిల్లలకు గంజి గూడ అందుతలేదు సాబ్.”

చూస్తే మా మామ! పట్టుకండువా లేదు. అతుకుల ధోవతి, భుజాన ఒక తువ్వాల. సర్కారు కాగితం జేబులోంచి బయటికి చూపించుకున్న మనిషేనా అని నాకు నవ్వాగలేదు. ఇంకేముంది, బాపు గెలిచారు, ఇంటికి పోయి అవ్వకు చెప్పి పండుగ చేసుకోవచ్చు అనుకున్నాను. తీరా బాపు వైపు చూద్దును గదా, మొహం మిరపపండైంది. వరస తోసుకుని లోపలికి పోయారు.

“ఏం మాటలు సాబ్ ఇవి? నేను వీళ్లింటి పిల్లను చేసుకున్న. బిచ్చపోళ్లింటికెల్లి తెచ్చుకున్ననా? వీళ్లు తానులు విప్పితే ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ దాక పరవచ్చు! పెండ్లిళ్లొస్తే వీళ్ల గల్లాపెట్టె మూత వెయ్యనీకి ఇద్దరు మనుషులు మీద కూసోవాలె!”

“బావా... జర ఊకో...” మామ వెనక నుంచి షేర్వాణీ లాగుతున్నాడు. (అది అరువుది, చిరిగితే ఎలాగని నాకు ఆ బెంగ.)

“ఎందుకు ఊకోవాలె? సర్కారు ముంగట మా అత్తగారింటి ఇజ్జతు తీస్తవా?”

చష్మా సాబ్ కలం గుర్రంలా పరుగెత్తింది. దాని పరుగు చూసి మామకు తెగింపు వచ్చింది. “మా బావ మాత్రం తక్కువోడా సాబ్? సోడాల మీద మిద్దె కడ్తడు! ఆయనకూ వెయ్యిండ్రి!” అని అరిచాడు. బాపు ఛాతీ పొంగించి నా కాగితం సాబ్ చేతికిచ్చారు. మామ శత్రువుగా అన్న మాట బాపుకు ఆశీర్వాదంలా తగిలింది.

సాబ్ చదివాడు. ఒకచోట ఆగాడు. “ఈ రిష్తేదార్ల సోడాలేంది? వాళ్లు పైసలిచ్చిండ్రా?”

“చుట్టాల దగ్గర పైసలు తీసుకుంటమా సాబ్? ఎంత మాటన్నరు!”

సాబ్ కళ్లద్దాలు తీశాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఆ వరస మొత్తం అడ్డంగా కొట్టేశాడు. “ఇది ఆమ్దనీ కాదు భై, ఖర్చు. నీకు పన్ను లేదు. ఇంటికి పో.”

“కొద్దిగనన్న వెయ్యిండ్రి సాబ్. మీ చేతికొచ్చినంత.”

“నా నౌకరీల ఇసొంటి అర్జీ వినలే,” అన్నాడు సాబ్ మెల్లగా. “రానిది తీసుకుంటే నాకు హరాం. పో భై, నీ సోడా మంచిదని విన్న. ఇయ్యాల పొద్దుగూకినంక వచ్చి తాగిపోత. పైసలిచ్చే తాగుత, చుట్టాన్ని కాదు.”

మామకు పన్ను పడింది. గట్టిగానే పడింది. ముగ్గురం నడిచి దుకాణానికి వచ్చాం. రెండు మొహాలూ అమావాస్యలా ఉండడం చూసి అవ్వ గడపలోనే ఆగిపోయింది. మిషను పోయిందని ఆమె కళ్లలోనే కనిపించింది. “మనకు పడలే అవ్వా” అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. తమ్ముడి ముందు నవ్వకూడదని కాబోలు. బాపు ఇక మామ చేతిలో తిట్లు తప్పవని తల వంచుకుని కూర్చున్నారు.

మామ సోడా సగం తాగి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. “బావా, నువ్ జేసిన పనికి నా కొంప మునిగింది. మునిగింది గాని... గంతమంది ముంగట నన్ను గట్ల పెద్ద షావుకారును జేసి నిలబెట్టినోడు ఇయ్యాల్టి దాక లేడు.”

“నాకు మాత్రం పడకపాయె” అన్నారు బాపు, వంచిన తల ఎత్తకుండానే.

మామ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “ఎందుకు మనసు చిన్నబుచ్చుకుంటవ్ బావా? వచ్చే ఏడు పడ్తది తియ్యి.”

ఆ చలికాలంలోనే చిట్టీ అందింది. కొత్త మిషను రైల్లో దిగింది. బాపే దగ్గరుండి బిగించారు, అవ్వను దూరంగా కూర్చోబెట్టి తొలి పిడి తానే తిప్పారు. తిప్పిన ఉత్సాహానికి బుడ్డి ఢామ్మని పగిలింది. (ఈ చప్పుడు మాత్రం నిజంగానే తాడ్వాయి దాకా పోయి ఉంటుంది.) పెంకులన్నీ జాలీ లోపలే గలగలమని రాలాయి. అవ్వ దగ్గరికి వచ్చి, జాలీ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడి నవ్వింది. బాపు ఆ నవ్వు చూశారు. ఆ తర్వాత ఆయన పన్ను ఊసు ఎత్తినట్టు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న వ్యాపారం, నాలుగు వాటాల కాగితాలు ఉన్నాయి. మొదటిసారి ఆదాయపు పన్ను నోటీసు వచ్చిన రోజు నేను కూడా అందరిలాగే సర్కారును తిట్టాను, మామకంటే ఎక్కువ దరిద్రం ఎలా చూపించాలా అని ఆలోచించాను. సాయంత్రం మా బావమరిది వచ్చాడు. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు, ఆ నోటీసు బల్ల మీద విప్పి, ఆయన వైపు తిప్పి ఉంది. ఆయన దాన్ని ఆఖరి వరస దాకా చదివేవరకు నేను చాయ్ తెమ్మని ఇంట్లోకి కేక వేయలేదు.