మామ మీసం, మా ఇంటి కొళాయి

జేబులో పెన్ను, చేతిలో తెల్లకాగితం ఉంటే లోకంలో తేలని సంగతి ఉండదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది కానీ, నంద్యాలలో ఒక విత్తనాల అంగట్లో లెక్కలు రాసే పని దొరికింది. వడ్డీ, చక్రవడ్డీ, వాయిదాలు అన్నీ ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. (ఎవరూ నేర్పలేదన్న మాట కూడా నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి.) రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో పోయేటప్పుడు, పక్కసీటు మనిషి ట్రాక్టరు అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో ఆయన అడక్కుండానే లెక్కగట్టి చెప్పేవాణ్ణి. ఒకాయన నంద్యాలకు టికెట్ తీసుకుని కూడా శిరివెళ్లలోనే దిగిపోయాడు. పాపం, అక్కడ ఏదో పని గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

మా ఊరు పంచాయతీ పోయి పట్టణమైన కొత్తలో ఇంటింటికీ మంచినీళ్ల కొళాయి అనే పథకం వచ్చింది. పెద్ద ట్యాంకు, కొత్త పైపులు, మోటార్లు. ఖర్చులో కొంత పైనుంచి గ్రాంటు, మిగతాది అప్పు. ఆ అప్పు ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చాలి, తీర్చే డబ్బు కొళాయి చార్జీల్లోంచే రావాలి. ఏడాది వాయిదాకు మోటార్ల కరెంటు, పనివాళ్ల జీతాలు కలిపి, ఆ మొత్తాన్ని కొళాయిల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కొళాయికి ఎంత పడుతుందో తెలుస్తుంది. ఇంత తేలిక లెక్క కోసం ఊరంతా తలలు పట్టుకోవడం నాకు వింతగా ఉండేది.

మా వార్డు మెంబరు మా అమ్మ తమ్ముడే. ఆయనకు రెండే ఆస్తులు, మాటా మీసమూ. మీసమంటే మామూలు మీసం కాదు. కొనలు మెలితిరిగి చెంపల దాకా పోయేవి. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫరు మామను రెండడుగులు వెనక్కి నిలబెట్టేవాడు, లేకపోతే పక్కవాళ్లు ఫోటోలో పడరని. ఆ మామ ఒక సాయంత్రం ఇంటికొచ్చి నా ముందు మంచం మీద కూర్చున్నాడు.

“అబ్బీ, అప్పు అనేసరికి జనం జడుసుకుంటాండారు. నెలకు ఎంత కట్టాల్సొస్తాదని నన్ను పట్టుకోని అడుగుతాండారు. నువ్వు లెక్కగట్టి చెప్పు.”

మామ తెచ్చిన పథకం కాగితాల్లో ఖర్చులన్నీ ఉన్నాయి. ఇళ్లెన్నో తెలియాలి. నేనేమైనా తక్కువవాణ్ణా? చౌకదుకాణాల్లో రేషన్ కార్డుల సంఖ్య కనుక్కున్నాను. ఇంటికో కార్డు, ఇంటికో కొళాయి. నెలకు నూరు రూపాయలకు కాస్త లోపలే తేలింది.

“నూరు దాటదు గదా?”

“దాటదు మామా.”

“పైపులు పగిల్తే?”

“ఆ ఖర్చు గూడా ఏసినా.”

మామ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బను నేను వారం రోజులు పతకంలా మోశాను.

బడి వరండాలో వార్డు సమావేశం పెట్టారు. మా వీధి చివర ఉండే సైకిల్ షాపు చాచా లేచి, “మెంబరన్నా, అప్పు చేసేది మీరు, కట్టేది మేము. యాభై అని మొదలుపెట్టి ఐదునూర్లు జేస్తే మేం యాడికి పోవల్ల?” అన్నాడు. మామ మీసం మీద చెయ్యి వేశాడు. “నూరు. దాటిందంటే ఇదే వీధిలో ఈ మీసం తీపించుకుంటా, సరేనా?” జనం ఈలలు వేశారు, పథకానికి ఒప్పుకున్నారు. వెనక నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే.

కొళాయిలకు దరఖాస్తులు ఇచ్చే రోజున మా ఇల్లే ముందుండాలని నాలుగు ఫారాలు తెచ్చాను. మాది ఉమ్మడి వాకిలి. నాయనకు ఒక కార్డు, ఇద్దరు చిన్నాయనలకు రెండు, అవ్వకు ఒకటి. పొయ్యిలు వేరు పడినప్పుడే కార్డులూ వేరుపడ్డాయి. పెద్ద చిన్నాయన ఫారం తిరగేసి చూసి నాకే ఇచ్చాడు.

“నాకేంటికిరా? మీ నాయన పెట్టిస్తాండాడు గదా, వాకిట్లో.”

“అది మా కొళాయి చిన్నాయనా.”

“మీ కొళాయా? ఏందమ్మా, విన్యావా? మీ కొళాయంట!” అని అవ్వ వైపు తిరిగాడు.

అవ్వ వక్కాకు నములుతూ, “నాకూ ఒక కొళాయి పెట్టించు నాయనా. నేను రోజుకు తాగేది రెండు చెంబులు, దానికొక ట్యాంకు గట్టించు” అంది. నేను నాయన దగ్గరికి పోయి, పోనీ ఒక్క కొళాయే పెట్టిద్దాం, చార్జీ మాత్రం నలుగురూ పంచుకుందాం అన్నాను. నాయన చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగాడు. “నీళ్లకు తమ్ముల దగ్గర దుడ్లు అడగమంటావా? నంద్యాలలో నీకు నేర్పిందిదేనా?”

ఆ మధ్యాహ్నం ఊళ్లో వీధి వీధీ తిరిగాను. ఏ వాకిలి చూసినా అంతే. అన్నదమ్ములది ఒకే ఫారం, అది లేనిచోట పక్కింటి గోడ మీదుగా ఒక రబ్బరు పైపు వేసుకుందామన్న మాట. నీళ్లు పట్టుకోవద్దని ఎవరూ అనరు, అన్నవాళ్లు ఊళ్లో బతకలేరు. పుట్టినప్పటి నుంచి నేను స్నానం చేసిందీ మా వాకిట్లోని ఉమ్మడి నీళ్లతొట్టి దగ్గరే. చక్రవడ్డీ తెలిసిన నాకు మా వాకిలి సంగతి తెలియకపోయింది. కార్డుల్లో సగానికి కూడా దరఖాస్తులు రాలేదు. అప్పు వాయిదా మాత్రం, కొళాయిలు తగ్గాయి కదా అని తాను తగ్గదు. (పైగా చార్జీ పెంచితే ఇంకొందరు కొళాయి మాని పక్కింట్లో పట్టుకుంటారు, అప్పుడు మిగిలినవాళ్లకు మళ్లీ పెంచాలి. ఈ ముక్క నాకు ఆ రోజే బుర్రకెక్కింది.) చివరికి వచ్చిన దరఖాస్తులను బట్టి చార్జీ ఖాయం చేశారు. నెలకు రెండువందల నలభై.

ఒక ఆశతో మామ ఇంటికి పోయాను. “మామా, పొయ్యికింతని పంచి చూస్తే నూరు దాటలేదు. నా లెక్క తప్పు గాదు.”

మామ మీసం కొన పట్టుకుని చూపించాడు. “మీసం పొయ్యిలెక్కన పెట్టలేదురా నేను. మూతికి ఒకటే ఉండాది.”

మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని మంగలి షాపుకు నడిచాడు. సైకిల్ షాపు చాచా ఎదురొచ్చి, “వద్దులే మెంబరన్నా, నవ్వులకన్నావనుకుంటాం” అని చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వు నవ్వులకు ఒప్పుకున్యావా చాచా, పథకానికి?” అని మామ కుర్చీలో కూర్చున్నాడు. మంగలి కత్తి తీసి మళ్లీ బల్ల మీద పెట్టాడు. “అన్నా, కొనలు మాత్రం తీద్దునా? ఎంతమటుకు తీయల్ల?”

“నన్నడుగుతావేంది? లెక్కలన్నీ వానియ్యే. వాన్నే అడుగు.”

షాపులో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. ఎన్నడూ లెక్క చెప్పడానికి తడుముకోని నేను, గోడ మీది అద్దంలో నా మొహం కనిపించకుండా తల దించుకున్నాను. మీసం పోయాక మామ అచ్చం మా అమ్మలా ఉన్నాడు. ఇంటికి తీసుకొస్తే అమ్మ తలుపు తీసి, “ఎవరప్పా మీరు?” అని అడిగి, గుర్తుపట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ అడగలేదు. ఆ పూట ముగ్గురం కలిసి తిన్నాం. మామ పప్పు బాగుందన్నాడు. నేను ఏం తిన్నానో నాకు తెలియదు.

మీసం మళ్లీ పెరగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నా సిగ్గు తగ్గడానికే పట్టింది. ఇప్పుడు నాకు నలభై దాటాయి, బస్సులో పక్కసీటువాళ్లు ధైర్యంగా కూర్చుంటున్నారు. ఈ మధ్య మా ఊళ్లో ఇంకో ట్యాంకు కడతారని, దానికి మళ్లీ అప్పు తెస్తారని మాట పుట్టింది. ముసలివాడైన మామ, పదవి లేకపోయినా ఆరాటం పోక, మొన్న మా ఇంటికొచ్చాడు.

“ఏం అల్లుడా, ఈసారి నెలకెంత పడతాదంటావ్?”

అడుగుతున్నంత సేపూ ఆయన అరచెయ్యి తెల్లమీసాన్ని కప్పుకునే ఉంది. నేను పెన్ను తీయబోయి మానుకున్నాను. “తెలీదు మామా. ముందు వీధులన్నీ తిరిగి చూసొస్తా” అని చెప్పులేసుకున్నాను. వాకిట్లో చిన్నాయన కోడలు మా కొళాయి కింద బిందె పెడుతోంది. “రెండు నిమిషాలు జరుగు బావా, నీళ్లు ఆగిపోతాయి” అంది. జరిగి నిలబడి, మా వాకిలి మొత్తాన్ని లెక్కలో ఒక్క కొళాయిగా వేసుకున్నాను.