ఓటు చీటీ మీద ఒక్క వాక్యం

2000వ సంవత్సరం. ఐటీ ఉద్యోగాల కోసం మనవాళ్లు సింగపూర్‌లో తండోపతండాలుగా దిగుతున్న రోజులు. అక్కడి క్లెమెంటి ఫ్లాట్లలో లిఫ్టు ఎక్కితే చాలు, తెలుగు వినబడేది. నేను ఒక చిన్న లా ఫర్మ్‌లో లాయర్‌ని. తెలుగు చదవగల లాయర్లు అరుదు కాబట్టి ఒక తెలుగు సంఘం తన కాగితాలన్నీ నా నెత్తిన పెట్టేది.

ఇక్కడ రిజిస్టరైన ప్రతి సంఘానికీ ఒక కాన్‌స్టిట్యూషన్, అంటే సొంత రాజ్యాంగం ఉంటుంది. ఈ సంఘంలో ఓటు లేని అసోసియేట్ సభ్యులు కూడా సంతకాలు సేకరించి సవరణ ప్రతిపాదించవచ్చు. బ్యాలట్ టైటిల్‌ని, అంటే చీటీ పైన ఆ సవరణ సారం చెప్పే వాక్యాన్ని, సరిచూడటం నా పని.

ఆ ఏడు సవరణ తెచ్చినవాడు యాదగిరి. జగిత్యాల వైపు మనిషి, తువాస్ షిప్‌యార్డులో వెల్డర్. తనలా వర్క్ పర్మిట్ మీద, అంటే కార్మికులకిచ్చే వీసా మీద, వచ్చినవాళ్లని సంఘం అసోసియేట్లుగానే చేర్చుకునేది; వాళ్లకీ ఓటు కావాలన్నాడు.

"ఉగాది ఎప్పుడు చూసినా శనివారమే పెడుతరు మేడమ్. గా దినం మాకు డ్యూటీ. ఆదివారం పెట్టుమని ఏండ్ల సంది అడుగుతున్నం. ఓటు లేనోళ్ల మాట ఎవలింటరు?"

సంఘం సెక్రటరీ సుబ్బారావు పంపిన టైటిల్ మాత్రం "సభ్యత్వ నిబంధనల సవరణ" అని ఉంది. ఫోన్ చేసి, ఇందులో ఏమీ తెలియడం లేదేమండీ అని అడిగాను.

"తెలియకూడదనే మేడమ్," అని నవ్వాడు. "నేనూ యాదగిరి పక్షమే. మన యాన్యువల్ మీటింగ్‌లో ఓటింగ్ లంచ్‌కి ముందు కదా! ఆకలి మీద ఎవడూ చదవడు. అన్నిటికీ యెస్ కొట్టేసి పులిహోర లైన్‌లో నిలబడతారు. ఇదీ అలా పాసైపోనివ్వండి."

అతను చెప్పింది ఏటా నేను చూసిందే. అయినా ఒప్పుకోలేదు. దేనికి ఓటేస్తున్నాడో ఓటరుకి తెలియాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆ టైటిల్ కొట్టేసి, "వర్క్ పర్మిట్‌పై ఉన్నవారికి ఓటు హక్కుతో పూర్తి సభ్యత్వం ఇవ్వాలా?" అని రాశాను.

యాదగిరికి చదివి వినిపిస్తే సంబరపడ్డాడు. "గిట్లనే ఉండాలె మేడమ్. సాటుంగ ఎందుకు? మనమేమన్న దొంగతనం చేస్తున్నమా?"

మీటింగ్ ఆదివారం జరిగింది. చీటీలు పంచారు. నాకు తెలిసి మొదటిసారి జనం ఆగి చదివారు. నా ముందు వరుసలో ఒకావిడ భర్త చెవిలో, "వాళ్లు మనకంటే ఎక్కువమంది కదండీ, రేపు కమిటీ అంతా వాళ్లదే అవుతుంది," అంది. ఆయన నో మీద టిక్కు పెట్టాడు. సవరణ వీగిపోయింది.

వంట, వడ్డన ప్రతి ఏడూ యాదగిరి వాళ్లవే. ఫలితం చదవగానే లేచి వెళ్లి గరిటెలు పట్టుకున్నారు. నో అన్నవాళ్లకి కూడా కొసరి కొసరి వడ్డించారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. యాదగిరే నా పళ్లెంలో పులిహోర వేసి, "అందరు మంచిగ సదివిన్రు మేడమ్," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు.

ఇప్పుడు ఆ చీటీ నా చేతికిచ్చినా అదే వాక్యం రాస్తాను, మరో దారి నాకు తెలియదు. స్పష్టంగా అడిగితే జనం న్యాయంగా జవాబిస్తారని మాత్రం ఇప్పుడు అనుకోను. మరుసటేడు ఉగాది వేడుక కూడా శనివారమే పెట్టారు. యాదగిరి పొద్దున్నే పచ్చడి కలిపి పంపించి, డ్యూటీకి వెళ్లిపోయాడు.