లేని గుండెజబ్బు

ఉన్న కొవ్వు తీయించుకుని లేని గుండెజబ్బు తెచ్చుకున్నవాణ్ణి ఏలూరు మొత్తంలో నేనొక్కణ్ణే. ఆ దెబ్బకు కుదిరిన నా పెళ్ళి కాస్తా గోవిందా అయిపోయేదే. ఎలాగో వినండి.

మాది పౌరోహిత్యం, అంటే చొక్కా లేని ఉద్యోగం. ఉత్తరీయం ఎంత సర్దుకున్నా పెళ్ళి వీడియోల్లో పెళ్ళికూతురి నగల కంటే ముందు నా ఛాతీయే కనబడేది. రెండు పక్కలా కొవ్వు పేరుకుని దోసకాయ బద్దల్లా వేలాడేది. రేపు నా పెళ్ళికీ నేను అలాగే పీటల మీద కూర్చోవాలి కదా! కాశీకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, విజయవాడలో ఆపరేషన్ చేయించుకుని వచ్చాను. అమ్మకిచ్చిన గంగ చెంబులో ఉన్నవి కృష్ణ నీళ్ళే. ఆ పాపం సంగతి తరువాత.

కొవ్వు పోయింది గాని కోసిన మచ్చల కింద కండ చెక్కలా గట్టిపడింది. ఏలూరులో ఎవరైనా చూస్తారని తాడేపల్లిగూడెంలో ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరకు వెళ్ళాను.

"పైపైన రుద్దకూడదండీ. వేళ్ళు ఆనించి మచ్చను అడుగు నుంచి గుండ్రంగా కదపాలి. రోజూ రెండు పూటలా ఇంట్లో చేసుకోండి," అన్నారావిడ.

రెండు పూటలు మనకేం సరిపోతాయి! బస్సులో, టీకొట్టు దగ్గర, చివరికి పెళ్ళిపందిట్లో కూడా ఉత్తరీయం కింద చెయ్యి దూర్చి పళ్ళు బిగించి నొక్కుకోవడమే పని.

అలా మండవల్లిలో ఒక పెళ్ళి చేయిస్తూ, ముహూర్తానికి ఇంకా టైముందని ఒక మూల నిలబడి నొక్కుకుంటున్నాను. కొల్లేటి గాలి చల్లగా వీస్తున్నా నొప్పికి చెమటలు పోస్తున్నాయి. నాకు కాబోయే మామగారు, అత్తిలి హైస్కూలు మాస్టారు, ఆ పెళ్ళికే వచ్చారు.

"ఏవండీ, ఎడమ పక్క పట్టుకున్నారేంటండీ?"

"అబ్బే, ఏం లేదండీ."

"ఇంత చెమట పడుతుంటే ఏం లేదంటారేంటండీ? గుండె గాని..."

అందం కోసం కొవ్వు తీయించుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది. గుండెజబ్బయితే కాస్త పెద్దమనిషి తరహాగా ఉంటుందనిపించింది.

"అవునండీ. గుండెకు చిన్న ఆపరేషన్ అయిందండీ. ఇప్పుడు తగ్గిపోయిందండీ."

మాస్టారి మొహం పాలిపోయింది. "పిల్లనిచ్చేవాళ్ళకి ముందే చెప్పాలి కదండీ," అని భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే కూతురు భార్గవిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆమె వట్లూరు కాలేజీలో లెక్చరర్. "మీ డాక్టరు గారితో మాట్లాడాలండీ," అన్నారు మాస్టారు. నాకు మరో దారి తోచక ఇద్దరినీ గూడెం మేడమ్ దగ్గరకే తీసుకెళ్ళి, వెనకనుంచి ఆవిడకు కళ్ళతో తెగ సైగలు చేశాను.

"గుండె సంగతి నాకేం తెలుస్తుందండీ? నేను చూసేది మచ్చల్ని. మిగతాది మీరే చెప్పండి," అన్నారావిడ.

చెప్పాను. తలకాయ నేలలోకి దూరిపోయింది గాని మాస్టారు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. "అంటే గుండె నిక్షేపంలా ఉందన్నమాట! ముహూర్తం పెట్టేసుకుందామండీ!"

"ఆగండి నాన్నగారూ," అంది భార్గవి. "గుండె బాగోలేదంటే మీరు వద్దన్నారు, నేను పర్వాలేదన్నాను. ఇప్పుడు మీరు సరే అంటున్నారు. నేనే ఆలోచించుకోవాలి."

అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. కార్తీకం దాటేదాకా ఆలోచించి ఒక షరతు మీద ఒప్పుకుంది. నిశ్చితార్థంలో బంధువులందరి ముందూ నిజం నేనే చెప్పాలి. మంత్రం చదివే గొంతుతోనే చెప్పాను. అందరూ నవ్వుతుంటే అమ్మ ఒక్కతే మెల్లగా అడిగింది.

"మరి ఆ గంగ నీళ్ళేంట్రా?"

అప్పటికే వీధి వీధంతా తీర్థం పుచ్చుకుంది.

అందుచేత ఆచమనం చేసి, పాఠక మహాశయుల సాక్షిగా సంకల్పం చెప్పుకుంటున్నాను. ఇకపై నొప్పి ఎక్కడ వస్తే అక్కడే వచ్చిందని చెబుతాను. తప్పదు మరి. ఇప్పుడు మచ్చ మర్దనా భార్గవే చేస్తోంది. నా మాటలో కాస్త తేడా కనబడిన రోజున వేళ్ళు మరీ గట్టిగా పడుతున్నాయి.