మైనస్ నాలుగు నిమిషాల విశ్రాంతి

2021 ఏప్రిల్ 21, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. హామిల్టన్‌లో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు. వసంతం వచ్చి నెల దాటిందని క్యాలెండరు అంటుండగా బయట మంచు కురుస్తున్నది. క్యాలెండరూ థర్మామీటరూ ఇలా విభేదించినప్పుడు రెండింటినీ నమోదు చేయడం నా పద్ధతి.

కోవిడ్ మూడో వేవ్ ఇక్కడి ఆసుపత్రిని ముంచెత్తిన రోజులవి. అలసిన సిబ్బంది సేదదీరడానికి యాజమాన్యం నేలమాళిగలో ఒక వెల్‌నెస్ రూమ్ తెరిచింది. అందులో ఒక వాలుకుర్చీ, లావెండర్ నూనె, రంగులు వేసుకునే పుస్తకాలు, గోడ మీద ‘మీరే మా హీరోలు’ అన్న పోస్టరు. వచ్చినవారి పేర్లూ రాకపోకల వేళలూ రాసే స్వచ్ఛంద సేవ నాది. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఒక్క ఏళ్లు స్టాప్‌వాచీతో కార్మికుల వృథా సమయాన్ని కొలిచి రిటైరైనవాణ్ని. అక్కడి టీ విరామాన్ని పన్నెండు నిమిషాల నుంచి తొమ్మిదికి కుదించిన ఘనత నాదే. విశ్రాంతిని లెక్కించడానికి నాకంటే అర్హుడు దొరకడని వారు భావించి ఉంటారు.

పందొమ్మిది రోజుల్లో నా రిజిస్టరులోకి రెండు పేర్లు ఎక్కాయి. ఇద్దరూ పార్కింగుకు దారి అడగడానికి వచ్చినవారు.

ఆ ఉదయం షిఫ్టుకు వెళుతూ ఒక నర్సు నా బల్ల దగ్గర ఆగింది. ఖమ్మం అమ్మాయి; ఆరో అంతస్తు ఐసీయూలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నది. రాజీనామా ఉత్తరం ఫోనులో సిద్ధంగా ఉందనీ, వచ్చే వారం శుక్రవారం, అంటే ముప్ఫయ్యో తేదీన, పంపేస్తాననీ చెప్పింది. పని మానాలని లేదట; కాసేపు కూర్చోవాలని ఉందట.

“కుర్చీ ఖాళీగానే ఉందమ్మా,” అన్నాను.

“బ్రేక్ పదిహేను నిమిషాలు అంకుల్. ఇక్కడికొచ్చి మళ్ల పైకి పోయేసరికే అయిపోతది.”

“ఎవరైనా కొలిచారా?”

“మాకు టైమెక్కడిది? మీరే కొలవండి, ఖాళీగానే ఉన్నరు కదా.”

అది కాదనలేని వాస్తవం. కనుక కొలిచాను. గౌనూ, గ్లవ్సూ, ముఖకవచమూ విప్పి చేతులు కడుక్కోవడానికి నాలుగు నిమిషాలు, తిరిగి తొడుక్కోవడానికి నాలుగు. ఐసీయూలోకి నాకు ప్రవేశం లేదు గనుక ఇవి ఆమె ఇచ్చిన అంకెలు. లిఫ్టు కోసం నిలబడడంతో సహా దిగడానికి అయిదున్నర, ఎక్కడానికి అయిదున్నర. ఇవి నేను మూడుసార్లు నడిచి తీసిన సగటు. మొత్తం పందొమ్మిది. పదిహేనులోంచి పందొమ్మిది తీసివేయగా మిగిలే విశ్రాంతి మైనస్ నాలుగు నిమిషాలు. కర్మాగారంలో నేనెంత శ్రమించినా విరామాన్ని సున్నాకు దిగువకు తేలేకపోయాను.

ఒక్క పేజీలో నివేదిక రాసి సిబ్బంది సంక్షేమం చూసే అధికారిణికి అందజేశాను. దయగల మనిషి. మరునాడే నా అంకితభావానికి కృతజ్ఞతలు తెలిపి, హాజరు పెంచడానికి రెండో కుర్చీ మంజూరు చేశారు. అది ఇరవై ఏడున వచ్చింది. అప్పటి నుంచి రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇరవై ఎనిమిదిన ఫర్నిచర్ తరలింపు ఫారం నింపాను. గమ్యం: ఆరో అంతస్తు, ఐసీయూ ద్వారం పక్కన దుప్పట్లు ఉంచే గది. కారణం: ‘మనుషులు కుర్చీ దగ్గరకు రాలేరు, కుర్చీ వెళ్లగలదు.’ ప్రతి గడీ నింపిన ఫారం ఆ కార్యాలయం అంతకుముందు చూసి ఉండదు. తిప్పిపంపడానికి సాకు దొరకలేదు. మరునాటి మధ్యాహ్నం కుర్చీ పైకి వెళ్లింది. దాని చేతికి ఒక నోటుబుక్కూ పెన్సిలూ దారంతో కట్టి పంపాను.

ముప్ఫై, శుక్రవారం. నా విధి నాలుగింటికే ముగిసింది. లెక్క ముగియలేదని కూర్చున్నాను. రాత్రి ఏడూ నలభైకి ఆ ఖమ్మం నర్సు కిందికి వచ్చి, నోటుబుక్కును శానిటైజరుతో తుడిచి నా ముందుంచింది. మొదటి వరుస ఆమెదే. కూర్చున్నది 2:05, లేచింది 2:12. ఏడు నిమిషాలు.

“లెటర్ పంపావా అమ్మా?”

“బ్రేక్‌ల పంపుదామనుకున్నా అంకుల్. నిద్ర పట్టింది.”

నోటుబుక్కు తిరిగి పైకి తీసుకుపోయింది.

జూన్ 18న, వేవ్ తగ్గాక, వెల్‌నెస్ రూమ్‌ను మూసివేశారు. ఆ గదికి విశేష ఆదరణ లభించిందని సిబ్బందికి పంపిన లేఖలో రాశారు. ఆదరణ ఆరో అంతస్తులో లభించిందని సవరణ పంపాను.

తుది లెక్క ఇది. గదికి వచ్చినవారు ఇద్దరు. పై కుర్చీలో యాభై రోజుల్లో కూర్చున్నది మూడు వందల పదకొండు సార్లు. పంపని రాజీనామా ఒకటి.